దేవుని పెట్టెకు వేసిన తాళం

మొన్న శుక్రవారం భజనకు కూర్చోబోతుంటే, మా రూమ్‌కు కొత్తగా వచ్చిన కార్పెంటర్ ఒకాయన మేము పటాలు పెట్టుకునే దేవుని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, గొళ్ళెం వంగిపోయిందని, పావుగంటలో కొత్తది బిగించి ఇస్తానని ఎంతో ప్రేమగా అన్నాడు. నేను వద్దన్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఏం చెప్పను? ఆ గొళ్ళెం ఎట్లా వంగిందో తెలిసినవాళ్ళు ఇప్పుడీ రూమ్‌లో నేనొక్కడినే. అందుకే మీకు చెబుతున్నాను.

నాలాగే ఎప్పుడో మస్కట్‌లో విమానం దిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బయటికి రాగానే కంపెనీ మనిషి చేయి చాపేవాడు. పాపం మర్యాదస్తుడనుకుని మనం చేయి కలపబోతే, చేయి కాదు, పాస్‌పోర్ట్ అనేవాడు. అక్కణ్ణుంచి అది ఆఫీసు ఇనప బీరువాలోకి వెళ్ళేది. రెండేళ్ళకోసారి సెలవు మీద పోయేనాడు తప్ప మళ్ళీ దాని ముఖం చూసింది లేదు. ఊళ్ళో చావైనా పెళ్ళైనా, ముందు ఆ బీరువా ముందు నిలబడి బతిమాలుకోవాలి.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, పనివాడి పాస్‌పోర్ట్ పనివాడి దగ్గరే ఉండాలని ఇక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టిన కాలం వచ్చింది. ఆ మాట కాగితం మీద అంతకుముందే ఉందని మా రూమ్‌లో అందరికంటే పెద్దవాడైన వెల్డింగ్ పని చేసే కాక అనేవాడు గాని, మా కంపెనీ గడప దాటి లోపలికి రావడానికి దానికి చాలా కాలమే పట్టింది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి, మస్కట్ శివారు రుసైల్‌లోని మా క్యాంపులో బల్ల వేసి, పేరు పిలిచి మరీ ఎవరిది వాళ్ళకు ఇచ్చారు. పెద్దకాక తన ఫోటో తానే గుర్తుపట్టక, ఈ నల్లమీసాల పిలగాడు ఎవడో, ఇది నాది కాదు సార్ అని వెనక్కి ఇవ్వబోయాడు. క్యాంపంతా నవ్వింది. ఆ రోజు మేము తిన్న పప్పన్నం రుచి ఇప్పటికీ నా నోట్లో ఉంది.

అయితే చేతికి వచ్చిందాన్ని ఎక్కడ దాచుకోవాలో మా ఎనమండుగురిలో ఎవరికీ తెలియలేదు. ఒకాయన దిండు గలీబులో కుట్టుకున్నాడు, ఇంకొకాయన బియ్యం సంచిలో పెట్టి మరునాడు అది కనబడక ఏడ్చినంత పని చేశాడు. అప్పుడు నేను కల్పించుకున్నాను. మా నాయన మా ఊరి భజన మండలికి పెద్ద, ఆయన వెనక తాళాలు వాయిస్తూ పురాణాలు వింటూ పెరిగినవాణ్ణి, రూమ్‌లో శుక్రవారం భజన నడిపేవాణ్ణీ నేనే; కాబట్టి నా మాటకు కొంత విలువ ఉండేది. మొక్కుకున్నప్పుడు ముడుపు కట్టి దేవుడి దగ్గర పెట్టినట్టు, ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ళు పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుని పెట్టెలో పెడదామన్నాను. అందరికీ ఎంతో నచ్చింది. పిడికిలంత తాళం కొనుక్కొచ్చి వేశాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. స్నానం చేయకుండా పెట్టెను ముట్టుకుంటే దోషమని కూడా చెప్పాను. అది ఏ శాస్త్రంలో ఉందో నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

మా రూమ్‌లోనే మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, ఉండేవాడు. నా డోలక్ పక్కన వాడి తాళం లేకపోతే భజన భజనలా ఉండేది కాదు. ఊళ్ళో వాడి భార్య, వరుసకు నాకు చెల్లె, బీడీలు చుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని సాకేది. ఆ ఏడు మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు వస్తే, చెల్లె పోటీకి నిలబడింది. మీకు ఓటేస్తే ఏం చేస్తరని ఎవరో అడిగితే, బిందె పట్టుకుని బోరింగు కాడ తన్నుకునుడు బంద్ చేపిస్త, ఇంటింటికి నల్లా తెస్త అని చెప్పిందట, గెలిచేసింది! ఫోన్‌లో ఆ కబురు చెప్పి, వెంటనే మొగుణ్ణి పట్టుకుంది.

"ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు రాకపోతివి, ఓటుకు రాకపోతివి. సోమవారం నా ప్రమాణానికన్నా వస్తవా? రాకుంటే కుర్చీల నీ ఫోటో పెట్టి దండేస్త."

"బతికున్నోనికి దండేస్తవానే?"

"వస్తే మెడల ఏస్త, రాకుంటే ఫోటోకేస్త. నీ ఇష్టం."

వాడు నవ్వుతూనే ఫోన్ పెట్టేశాడు గాని, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇద్దరు పిల్లల పురుడూ వాడు ఫోన్‌లోనే విన్నాడు. ఈ ఒక్కటైనా కళ్ళతో చూడాలని వాడి ప్రాణమంతా దానిమీదే ఉంది. కంపెనీ కూడా దయతలచి పదిరోజుల సెలవిచ్చింది, శనివారం మధ్యాహ్నం విమానానికి టికెట్ దొరికింది.

గురువారం సాయంత్రం, బావా, పాస్‌పోర్ట్ తీసియ్యవా అని వాడు అడిగాడు. దీపం పెట్టాక ఇంట్లోంచి ఏదీ ఇవ్వకూడదు, రేపు చూద్దామన్నాను. మళ్ళీ నేనే, రేపు శుక్రవారం, లక్ష్మీదేవి రోజు, దేవుని పెట్టెలోంచి బయటికి తీయకూడదన్నాను. శనివారం పొద్దున్నే నా చేత్తో హారతి ఇచ్చి మరీ తీసిస్తానని మాటిచ్చి, శుక్రవారం తెల్లవారగానే కొండల అంచునున్న రుస్తాఖ్ వెళ్ళాను. అక్కడ ఖర్జూరపు తోటల్లో పనిచేసే మనవాళ్ళు రూమ్‌లో భజనకు రమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. చక్కగా భజన జరిగింది. చెరసాలలో స్వామి పుట్టిన కథ చెప్పాను. తాళాలు వాటంతటవే ఊడిపోవడం, నది రెండుగా చీలి దారివ్వడం, అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నారు.

ఆ రాత్రే కొండల్లో వాన కురిసింది. ఇక్కడ కొండమీద వాన పడితే, ఏళ్ళ తరబడి ఎండిన వాగు ఒక్క గడియలో పొంగి రోడ్డు మీదికొస్తుంది. దాన్ని వాదీ వచ్చిందంటారు. శనివారం పొద్దున టాక్సీలో బయలుదేరి చూద్దును కదా, రోడ్డు లేదు, ఎర్రటి నీళ్ళే. రెండువైపులా కార్లు బారులు తీరి ఉన్నాయి. ఫోన్ మోగింది.

"బావా, ఏడున్నవ్?"

"వాగు కాడున్న."

"ఎప్పుడొస్తవ్?"

"అది వాగును అడగాలె."

వాడు తిట్టినా బాగుండేది. పెద్దకాకకు ఫోన్ ఇమ్మని, తాళం పలగ్గొట్టుండ్రి అన్నాను.

"దేవుని పెట్టెనా?" పెద్దకాక బెదిరిపోయాడు. "స్నానం చెయ్యకుంట ముట్టుకుంటేనే దోషమంటివి. సుత్తెతోని కొడితే ఏ నరకంల ఏస్తరో గది గూడ చెప్పు, రాసుకుంట."

"నేనైతే కొట్ట బావా," వెనకనుంచి మా బామ్మర్ది అరిచాడు. "సర్పంచ్ మొగడు దేవుని పెట్టె పలగ్గొట్టిండని ఊరంతా చెప్పుకుంటరు."

ఎంత చెప్పినా ఎవరూ కదలరు. గడియారం కదులుతోంది. కాసేపటికి పెద్దకాకే మెల్లగా అన్నాడు, "అరే, తాళాలు ఊడగొట్టుకుంట పుట్టిన దేవునికి మనం తాళమేసినం సూడు. మనంత తెలివిగల్లోళ్ళు ఈ మస్కట్‌ల ఉన్నరా?"

ముందురాత్రి నేను నోరారా చెప్పిన కథే అది. ఆ తండ్రి బిడ్డను తలమీద పెట్టుకుని వస్తే నది దారిచ్చింది. నేను మొలకు తాళంచెవి కట్టుకుని వస్తే ఎందుకిస్తుంది? ప్రభుత్వం బీరువా తెరిపించి ఇచ్చినదాన్ని, దేవుడి పేరు చెప్పి నేను మళ్ళీ బీరువాలో పెట్టాను. కాదు, నేనే బీరువానయ్యాను. హారతి పట్టే బీరువాను.

"తప్పు నాది కాకా. పాపముంటే నామీద, కొట్టుండ్రి."

"నీ ఒక్కని మీదెందుకు, తలా ఇంత పంచుకుందం."

ఏడుగురూ ఆదరాబాదరాగా నెత్తిన నాలుగు చెంబుల నీళ్ళు పోసుకున్నారట. పెద్దకాకా మా బామ్మర్దీ సుత్తె పట్టుకుంటే, మిగతావాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి నిలబడ్డారట. ముందు నామం ఎత్తుకున్నారు. అది నాకు ఫోన్‌లో వినిపించింది. మొదటి దెబ్బ తప్పి గొళ్ళెం వంగింది. రెండో దెబ్బకు తాళం ఎగిరి మంచం కిందికి పోయింది. పెద్ద కేక. ఆ తర్వాత ఇంకో తమాషా, ముడుపులన్నీ ఒకేలాంటి పసుపు గుడ్డలాయె, ఒక్కొక్కటి విప్పుతూ పోతే వాడిది చిట్టచివరిది. దాన్ని జేబులో దోపుకుని తడి తలతోనే టాక్సీ ఎక్కాడు. ఇక్కడ వాదీ ఒడ్డున నేను గంతులేస్తుంటే, పక్క కారులోని ముసలి ఒమానీ ఆయన ఏమైందని అడిగాడు. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పబోయి, చెప్పలేక నవ్వేస్తే, ఆయనా నవ్వి, ఖర్జూరాలు పెట్టి కాఫీ పోశాడు. ఆ కాఫీ తాగి, మొలతాడు నుంచి తాళంచెవి తెంపి నీళ్ళలో వేశాను.

సోమవారం ఫోటో వచ్చింది. చెల్లె చేయెత్తి ప్రమాణం చేస్తోంది. వెనక మెడలో దండతో మా బామ్మర్ది, చొక్కా జేబులోంచి పసుపు గుడ్డ కొస తొంగిచూస్తూ.

ఆ వారమే ఎవరి ముడుపు వాళ్ళు తమ తమ పెట్టెల్లో పెట్టుకున్నారు. చెల్లె తిరగని ఆఫీసు లేదు. ఆమె పదవి దిగకముందే ఇంటింటికీ నల్లా వచ్చింది, చెరువు పూడిక తీసి కాలువ నీళ్ళు వదిలితే మా బామ్మర్ది ఎకరమున్నర మడి పచ్చబడింది, వాడు ఇక్కడి పని చాలించుకుని వెళ్ళిపోయాడు. పెద్దకాకా వెళ్ళిపోయాడు. ఇప్పుడు పాత కంపెనీ వాళ్ళ ఒప్పుకోలు కాగితం లేకుండానే, ఒప్పందం ముగిశాక మంచి పని దొరికినచోటికి పనివాడు మారవచ్చు. ఎంత గొప్ప సంగతి! దానికోసం మేము ఎన్ని శుక్రవారాలు మొక్కుకున్నామో. మొక్కు తీరింది కాబట్టే మా రూమ్‌లో ఎవరూ ఎక్కువకాలం నిలవడం లేదు. ఒక శుక్రవారం నామం అందుకున్న గొంతు మూడు నెలలకు ఉండదు, దాని చోట కొత్త గొంతు, దానికి నా పాటలు రావు. గొళ్ళెం బిగిస్తానన్న కార్పెంటర్ కూడా వచ్చే నెలలో రుస్తాఖ్‌లో కొత్త పనికి వెళ్తున్నాడు. పోనీ, చల్లగా పోనీ. నేను డోలక్ ముందుకు లాక్కుని, మూత వేయని పెట్టె ఎదుట నామం ఎత్తుకుంటాను. మా బామ్మర్ది తాళం పడవలసిన చోట ఒక్క దెబ్బ ఖాళీగా వదిలి, ముందుకు పోతాను.