అక్క చెప్పిన సాక్ష్యం

నొప్పి చెవిలో మొదలైందనుకున్నాను. బాపట్లలో మేముండే వీధి చివరే చెవి డాక్టరున్నాడు. ఆయన లైటు వేసి చూసి, చుక్కల మందు రాశాడు. సీసా అయిపోయినా పోటు తగ్గలేదు. ఆ తర్వాత పళ్ళ డాక్టరు జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందని పీకేశాడు. వాపు తగ్గింది, పుండు మానింది, నొప్పి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆవలిస్తే కుడివైపు దవడ టక్కుమని పట్టేసేది. చేత్తో నొక్కి, అటూ ఇటూ కదిపి మూసుకోవాల్సి వచ్చేది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. రోజంతా మాట్లాడితేనే నా ఉద్యోగం. టీచరమ్మకి నోరు నొప్పంటే స్టాఫ్‌రూములో అందరికీ నవ్వులాటే. "మీ ఆయనకి హాయి మేడమ్" అన్నాడు డ్రిల్లు మాస్టారు. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత నవ్వడం కూడా నొప్పేనని తెలిసి మానేశాను.

అక్కకూ అదే నొప్పి ఉందని ఫోనులో మాటల మధ్య బయటపడింది. అక్క రేపల్లెలో ఉంటుంది, అంగన్‌వాడీ టీచరు. పన్ను పోటనుకుని ఏడాదిగా లవంగం పెట్టుకుంటోందట.

"ఏంటే, నీకూ టక్కుమంటదా?" అంది.

"అంటదక్కా. పొద్దున లేచేసరికి నోరు సగమే తెరుచుకుంటది."

"నాకూ అంతే! బావ నమ్మట్లేదే."

ఆ రోజు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. దవడలు లాగేస్తున్నా ఫోను పెట్టబుద్ధి కాలేదు. అప్పటిదాకా ఎవరికి చెప్పినా అర్థంకాని దాన్ని అక్క నేను చెప్పకముందే చెప్పేస్తోంది.

దవడ కీళ్ళు చూసే స్పెషలిస్టు ఒకాయన శనివారాలు తెనాలి వస్తాడని తోటి టీచరు చెప్పింది. నేను బాపట్లలో రైలెక్కేదాన్ని, అక్క రేపల్లెలో ఎక్కేది. ముందొచ్చినవాళ్ళం తెనాలి ప్లాట్‌ఫారం మీద కూర్చుని రెండోవాళ్ళ కోసం చూసేవాళ్ళం. డాక్టరు నెమ్మదైన మనిషి. చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించి, "తెరవండమ్మా... మెల్లగా మూయండి" అనేవాడు. ఇద్దరికీ స్కానింగ్ తీయించాడు. కీలు మధ్య ఉండే మెత్తటి పొర పక్కకు జారిందనీ, ఇద్దరిదీ ఒకటే జబ్బనీ చెప్పాడు. రాత్రిళ్ళు పళ్ళకు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ తొడుగులు చేయించాడు. వేడి కాపడం, మాత్రలు, అద్దం ముందు కూర్చుని చేసే వ్యాయామాలు, అన్నీ ఇద్దరికీ ఒకటే.

అక్కకు తగ్గింది. చలికాలం వచ్చేసరికి ఒకరోజు ఫోన్ చేసి, "జంతిక కొరికానే! చప్పుడు వినపడేట్టు కొరికా" అంది. సంతోషించాను, అబద్ధం కాదు. అక్కకు తగ్గిందంటే నాకూ దారి ఉన్నట్టే అనుకున్నాను.

నాకు తగ్గలేదు. డాక్టరు కీలులోకి ఇంజెక్షను ఇచ్చాడు. కొన్నాళ్ళు తేలికగా ఉండి, మళ్ళీ మొదటికొచ్చింది. నరాల మాత్రలు రాశాడు. వాటితో మత్తుగా ఉండేది. బోర్డు మీద సగం వాక్యం రాసి, మిగతా సగం ఏంటో తెలియక చాక్‌పీసు పట్టుకుని నిలబడేదాన్ని. "ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయామ్మా?" అని అడిగాడు డాక్టరు. ఉన్న టెన్షనంతా ఈ దవడేనన్నాను. ఆయన తలూపి, మందు మార్చి రాశాడు.

అక్క మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది. "వ్యాయామం సరిగ్గా చేస్తున్నావా? నువ్వు చిన్నప్పట్నుంచీ ఏదీ చివరిదాకా చెయ్యవు. ప్రార్థన చేసుకుని మొదలుపెట్టు, తగ్గకపోతే నన్నడుగు."

రోజూ చేస్తూనే ఉన్నాను, ప్రార్థనా చేస్తూనే ఉన్నాను. ఆ మాట చెప్పినా ఆమెకు నమ్మకం కలగడం లేదని గొంతులో తెలిసిపోయేది. మెల్లమెల్లగా ఫోను ఎత్తడం తగ్గించాను.

ఒక ఆదివారం రమ్మంది. రేపల్లెలో వాళ్ళ చర్చిలో ఆరాధన మధ్య పాస్టరయ్యగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని అడిగారు. అక్క లేచింది. తెల్లచీర చెంగు తల మీద సర్దుకుని మైకు ముందు నిలబడింది. నోరు తెరవలేక, ముద్ద నమలలేక తాను పడ్డ బాధంతా చెప్పింది. దేవుడు తెనాలి డాక్టరుగారి చేతుల ద్వారా తనను ముట్టి స్వస్థపరిచాడంది. సభంతా స్తోత్రం అంది.

"నా చెల్లెలు కూడా ఇక్కడే ఉంది. దానికింకా స్వస్థత రాలేదు. దాని విశ్వాసం బలపడాలని మీరంతా ప్రార్థన చెయ్యండి."

అందరూ నావైపు తిరిగారు. అక్క కళ్ళలో నీళ్ళున్నాయి. ప్రేమతోనే అంది, అది నాకు తెలుసు. కాని తలెత్తి చూడలేకపోయాను. బయటికొచ్చాక ఒక పెద్దావిడ నా చెంప మీద చెయ్యి వేసి, "నమ్మకం ఉంచమ్మా, తగ్గిపోద్ది" అంది. సరిగ్గా పోటున్న చోటే వేసింది. చెయ్యి తియ్యమనలేక అలాగే నిలబడ్డాను. మధ్యాహ్నం అక్క మటన్ వండింది. నా ముక్కల్ని ప్రత్యేకంగా మెత్తగా ఉడికించి, పీచుపీచుగా విడదీసి పెట్టింది. తను ఎముక పట్టుకుని మూలుగ పీలుస్తుంటే బావ, "చూడమ్మా మీ అక్కని" అని మురిసిపోయాడు.

మరుసటి ఏడు వానాకాలంలో టీచర్ల ట్రైనింగుకు నన్ను రేపల్లె వేశారు. మధ్యాహ్నానికే వదిలేస్తే, చెప్పకుండా అక్క ఇంటికి వెళ్ళాను. బావ డ్యూటీలో ఉన్నాడు. తలుపు చేరవేసి ఉంది. లోపల మిక్సీ తిరుగుతోంది. పచ్చడేమో అనుకుంటూ వంటింట్లోకి వెళ్తే అక్క ఉలిక్కిపడింది. మిక్సీ గిన్నెలో పప్పన్నం, జావలా నలిగి ఉంది. నేనూ బాధ ముదిరిన రోజుల్లో అలాగే తాగేదాన్ని. అది ఎవరి తిండో ఎవరూ చెప్పనక్కర్లేదు నాకు.

"ఎప్పట్నుంచక్కా?"

ఆమె మిక్సీ మూత కడుగుతూ నిలబడింది. "పోయిన క్రిస్మస్ ముందు నుంచి."

"డాక్టరు దగ్గరికి రాలేదేం?"

"ఏమని రాను? ఆయన నన్ను చూసి ఎంత సంతోషపడ్డారో నువ్వూ చూశావుగా."

"బావకి తెలుసా?"

"పళ్ళు కదుల్తున్నాయని చెప్పా." అప్పుడు నావైపు తిరిగింది. "నలుగురిలో నిలబడి చెప్పానే. అయ్యగారు నా సంగతి వేరే ఊళ్ళ సంఘాల్లో కూడా చెప్పారంట. ఇప్పుడు మళ్ళీ వచ్చిందంటే ఏమనుకుంటారు? నా విశ్వాసం పోయిందంటారు. లేకపోతే అప్పుడే అబద్ధం చెప్పానంటారు."

"అబద్ధం కాదుగా. అప్పుడు తగ్గిందిగా."

"తగ్గిందే. నిజంగా తగ్గింది." అంటూనే ఏడ్చింది. నోరు సగమే తెరిచి, దవడ కదలకుండా చేత్తో పట్టుకుని ఏడ్చింది. అలా ఏడవడం నాకూ తెలుసు.

ఆ ఏడాదంతా ఆమె మీద పెంచుకున్న కోపం ఏమైపోయిందో తెలియదు. దాని చోట ఇంకేదీ రాలేదు. అక్క బాగున్నన్నాళ్ళూ, కోపంగా ఉన్నా సరే, ఈ జబ్బు నయమవుతుందనడానికి నాకొక మనిషి కనపడుతూ ఉండేది. ఇప్పుడు ఆ మనిషి లేదు.

అక్క గిన్నెలో ఉన్నది రెండు గ్లాసుల్లో పోసి, నెయ్యి వేసి, ఒకటి నాకిచ్చింది. గడప మీద కూర్చుని తాగాం. బయట వాన పడుతోంది. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది. ఇచ్చాను.

తర్వాతి శనివారం తెనాలి ఒక్కదాన్నే వెళ్ళాను. డాక్టరు పాత స్కానింగులు మళ్ళీ లైటు ముందు పెట్టి చూశాడు. ఆపరేషను సంగతి అడిగాను.

"మీ కీలుకి దానివల్ల పెద్ద ఉపయోగం ఉండదమ్మా. ఇంకా బిగుసుకోవచ్చు కూడా" అన్నాడు. కాసేపు కాగితాలు సర్ది, "కొంత నొప్పితో అలవాటు పడాలి. ఎక్కువైనప్పుడు రండి" అన్నాడు. ఆయనకు నా మొహం చూడ్డం కష్టంగా ఉన్నట్టనిపించింది. స్కానింగులు కవర్లో పెడుతూ, "మీ అక్కగారెలా ఉన్నారు?" అని అడిగాడు.

"బాగున్నారండి."

ఆయన మొహం విప్పారింది. గదిలో అప్పటికే నా తర్వాతి పేషెంటు వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. చున్నీ చెవుల మీదుగా బిగించి కట్టుకుంది. పక్కన తల్లి, చేతిలో రిపోర్టుల కవరు.

"చూడమ్మా, వీళ్ళ అక్కగారికి నీలాగే ఉండేది. పూర్తిగా తగ్గిపోయింది" అన్నాడు డాక్టరు.

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. పెదాలు కదిలీ కదలనట్టు, "నిజమేనా ఆంటీ?" అంది.

"నిజమేనమ్మా" అన్నాను.

తల్లి రెండు చేతులూ జోడించింది. నేను చీటీ తీసుకుని బయటికొచ్చాను.