చిక్కిపోయిన డబ్బా

నెవ్యానాకు కోపం త్వరగా రాదు. వచ్చిందంటే త్వరగా పోదు. బల్గేరియాలో ట్రోయాన్ దాటాక వచ్చే ఆ కొండ ఊరికి కోడలిగా అడుగుపెట్టినప్పటి నుంచీ, పెత్కా అనే పుణ్యవతి పేరిట జరిగే ఊరి పండుగనాడు అందరికీ పెరుగు కేకు చేసేది ఆమే. ఉన్ని మిల్లులో పొద్దంతా నిలబడి వచ్చిన రోజుల్లోనూ చేసింది, మొగుడు పోయిన ఏడూ చేసింది. ఊళ్ళో తనకంటూ ఉన్న పేరు అదొక్కటే.

రెండేళ్ళుగా ఆ పేరు చెడింది. కేకు రబ్బరులా సాగుతోంది, నాలుకకు సోడా తగులుతోంది. ఆడపడుచు పెనా ఊరుకుంటుందా? రొట్టెల కొట్టు ముందు, నలుగురూ వింటుండగా అందుకుంది.

"వదినా, ఈసారికి నువ్వు కూర్చో. పట్నంలో కొనుక్కొద్దాంలే. నీ చెయ్యి ముదిరిపోయింది. వయసు మరి, తప్పేముంది!"

"నా చెయ్యి ముదిరితే ముదిరింది, నీ నోరు మాత్రం నవనవలాడుతోందే!" అని వచ్చేసింది గానీ, దారి పొడవునా ఒళ్ళు మండింది. కోళ్ళను తిట్టింది, పొయ్యిని తిట్టింది. చివరికి తన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంది. ఆ చూసుకోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ కేకుకు అక్కడ కాటా ఎవరూ వాడరు. పెరుగు డబ్బాయే కొలత. పెరుగు గిన్నెలో ఒంపేసి, అదే డబ్బాతో ఒక డబ్బా చక్కెర, రెండు డబ్బాల పిండి తలకొట్టి పోస్తారు. గుడ్లు నాలుగు, సోడా ఒక చెంచా.

అక్రోట్ల కోసం నేలమాళిగలోకి దిగితే, మొగుడు మేకులు పోసుకున్న పాత పెరుగు డబ్బా కనబడింది. మేకులు ఒంపి, పైకి తెచ్చి కడిగింది. కొత్త డబ్బాను అందులో వేసి చూసింది. తండ్రి బూట్లలో పిల్లవాడు కాలు పెట్టినట్టు, అది గలగలమంటూ అడుక్కి జారింది.

ఆకారం అదే, ఆవు బొమ్మా అదే. డెయిరీవాళ్ళు మాత్రం చెప్పాపెట్టకుండా అయిదో వంతు కోసేశారు! ప్లమ్ పళ్ళు తూచే కాటా దించింది. పాత డబ్బాతో రెండు డబ్బాల పిండి అయిదువందల అరవై గ్రాములు; కొత్తదానితో నాలుగువందల యాభై కూడా తూగలేదు. పెరుగు, చక్కెర, పిండి అన్నీ తగ్గాయి. తగ్గనివి గుడ్లూ సోడానే.

"దొంగ వెధవలు!" ఖాళీ వంటింట్లో అరిచింది. రెండు డబ్బాలూ పట్టుకుని పెనా గుమ్మం ఎక్కింది.

"చూడవే, ముదిరింది నా చెయ్యో, చిక్కింది డబ్బానో!"

పెనా ఒకదానిలో ఒకటి పెట్టి చూసి, మొహం పక్కకు తిప్పుకుంది. "అయితే నా కోళ్ళది తప్పు కాదన్నమాట."

"నీ కోళ్ళేమిటి?"

"నా కేకూ అలాగే వస్తోంది వదినా. గుడ్లు బాగోలేవనుకున్నా. ఎవరికీ చెప్పకుండా పందికి వేస్తున్నా."

"మరి రెండేళ్ళుగా నన్నెందుకే కాల్చుకు తిన్నావు?"

"నీదీ చెడిందంటే కాస్త హాయిగా ఉండేది."

పండుగకు నెవ్యానా ప్రతిదీ పాత డబ్బా లెక్కన గ్రాముల్లో తూచి చేసింది. కేకు మెత్తగా, ఎత్తుగా పొంగింది. అందరికీ వడ్డిస్తూ వస్తుంటే పెనా పళ్ళెం చాచింది. కత్తి ఆగింది.

"ముందు చెప్పు."

"మా వదిన చెయ్యి బాగానే ఉంది," పెనా గొణిగింది.

"కొట్టు ముందు ఇంత నెమ్మదిగా అనలేదు నువ్వు."

పెనా గొంతెత్తి మళ్ళీ చెప్పింది. బల్లలన్నీ ఇటు తిరిగాయి. నెవ్యానా ముక్క కోసి పెట్టింది, అందరికీ పెట్టినంతే.

"ఇంకా కోపమేనా వదినా?"

"తిను. మాట్లాడకు."