పైకి చూపే బాణం

మా అక్క పిరికిది. ఈ మాట చాటుగా అనడం లేదు, ఆవిడ ఎదుటే వెయ్యిసార్లు అన్నాను. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకునేది. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వేశానో లేదోనని వెనక్కొచ్చేది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటో చూడండి: కట్టడాలకి ప్లాన్లు గీసే ఆఫీసులో ట్రేసరు. ఇంజనీరు పెన్సిల్‌తో గీసిన బొమ్మ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, దాన్ని సిరాతో మళ్లీ గీయాలి. సిరా గీత తప్పితే రబ్బరుకు పోదు, బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే కాగితానికి చిల్లు, తక్కువ గీకితే ప్రింటులో మచ్చ. ఇంటికొచ్చాక కూడా ఆవిడ వేళ్లు బల్ల అంచుని గీకుతూనే ఉండేవి.

ఆ ఆఫీసులో ఎనిమిది బల్లలు. ఒక వైపు మిషను భాగాలు గీసేవాళ్లు, ఇంకో వైపు రోడ్లూ కాలవల సర్వే పటాలు గీసేవాళ్లు, కిటికీ దగ్గర మా అక్కతో కలిపి కట్టడాలవాళ్లు. మిషనువాళ్లకి వెంట్రుకవాసి తేడా వస్తే అన్నం సహించదు, సర్వేవాళ్లకి బారెడు తేడా వచ్చినా నిద్ర పడుతుందని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేవాళ్లు. అందరి మీదా హెడ్డుగారు. ఆయన కుర్రతనంలో మైనం పూసిన గుడ్డ మీద గీయడం నేర్చుకున్నవారు. అప్పట్లో ప్రింట్లు ఎండలో పెట్టి తీసేవాళ్లమని, మబ్బు పడితే పని లేదని చెప్పుకుని మురిసిపోయేవారు. మా అక్క కాలానికి ప్రింట్లు తీయడానికి అమ్మోనియా ఆవిరి వచ్చింది. ప్రింట్ల గది తలుపు తీస్తే చాలు, కళ్ల వెంట నీళ్లు.

హెడ్డుగారికి ఒక నియమం ఉంది. షీటులో గీతలన్నీ పూర్తయ్యాకే అక్షరాలు రాయాలి, లేకపోతే చెయ్యి ఆని తడి సిరా అలుక్కుపోతుంది. మంచి నియమమే. కానీ అక్షరం లేని బొమ్మకి తల ఎటో కాళ్లెటో ఎలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు.

ఆ రోజు నాకు సెలవు. పొద్దున్న ఎనిమిదింటికి అక్క కిటికీ దగ్గర కూర్చుని తన పెన్నుల పెట్టె శుభ్రం చేసుకుంటోంది. పాళీలు చుట్టిపెట్టిన పాత చిత్తుకాగితం విప్పింది. విప్పి అలాగే ఉండిపోయింది.

"ఏమైంది అక్కా?"

దగ్గరికెళ్లి చూశాను. కాగితం మీద పెన్సిల్ బొమ్మ, సన్నటి పొడుగు పెట్టె లాంటిది, అందులో ఒక అంచుకి ఆనించి ఒక గీత. ఒక మూల టేపు అంటించిన మచ్చ. టేపు ఊడిన చోట, దాని కింద ఇన్నాళ్లూ దాక్కుని, చిన్న బాణం గుర్తు. పక్కనే ఇంజనీరు చేతిరాత: పైకి.

అక్కకి ఒక అలవాటు ఉంది. ఏ చిత్తు గీయడం పూర్తయినా, తను ఎటు పైన పెట్టి గీసిందో అటు సిరాచుక్క పెడుతుంది. ఈ కాగితం మీద చుక్క ఒక కొసన ఉంది. బాణం రెండో కొసన ఉంది.

"ఇది తలకిందులుగా గీశానే," అంది.

"అయితే ఏం? మళ్లీ గీయి."

"కట్టేశారే."

అది ఆసుపత్రి ముందు పోర్చ్. స్తంభాలు లేకుండా గోడలోంచి ముందుకు చాచిన శ్లాబు. అలాంటిదానికి ఇనుప చువ్వలు పైన ఉండాలట. నాకు అర్థం కావడానికి అక్క నా చెయ్యి చాపించి నీళ్ల బకెట్ తగిలించింది. "ఎక్కడ లాగుతోంది?" అంది. భుజం పైన, అన్నాను. "అక్కడ ఇనుము లేదు," అంది. బొమ్మలో ఆ గీత ఇనుప చువ్వలే; బొమ్మ తిరగబడింది కాబట్టి అవి కిందికి పోయాయి. ఇటు గోడ అటు వెళ్లింది కానీ, ఎటున్నా గోడ గోడే అని ఎవరికీ అనుమానం రాలేదు. కింద కర్రలు నిలబెట్టి ఉన్నంతసేపు భయం లేదు. ఆ కర్రలు ఆ రోజు పదకొండింటికి తీసేస్తారని ముందురోజే ఆఫీసుకి కబురొచ్చింది.

మొదట ఆఫీసుకి వెళ్లాం. హెడ్డుగారు టీ తాగుతున్నారు. అక్క కాగితం చూపించి చెప్పింది. ఆయన చాలాసేపు చూసి, కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టేశారు.

"గీసింది నువ్వు. 'సరిచూశాను' అని కింద సంతకం ఎవరిది? నాది. అక్కడ మేస్త్రి ఉన్నాడు, వాడికి తెలియదూ ఇనుము ఎక్కడ వెయ్యాలో? వెళ్లి నీ బల్ల దగ్గర కూర్చో."

"ఒకసారి ఎవరినైనా పంపించి..."

"కూర్చోమన్నానా."

ఆయన సొరుగుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది. వరండాలోకి రాగానే అక్క చెయ్యి పట్టుకున్నాను. "ఆయన మాట విను. ఉద్యోగం పోతే ఇద్దరం ఏం తింటాం? ఏం కాదులే," అన్నాను. అవును, నేనే అన్నాను. అక్క నా వైపు చూడకుండా బస్సు కోసం నడిచింది.

మేం చేరేసరికి పదకొండు అయిపోయింది. పాత ఆసుపత్రికి వచ్చిన రోగుల తాలూకువాళ్లు కొత్త పోర్చ్ నీడ అంచున చేరి కూర్చున్నారు. మేస్త్రి వాళ్లని లేపుతున్నాడు. సుత్తితో ఒకడు చివరి వరసలో రెండు కర్రలు అప్పటికే పడగొట్టాడు. అక్క చెబుతుంటే ఎవరూ వినిపించుకోలేదు. ఆవిడ గొంతు ఎప్పుడూ పక్క బల్ల దాటదు.

అప్పుడు మా అక్క, మెట్లు దిగడానికి గోడ పట్టుకునే మా అక్క, ఆ శ్లాబు కిందికి వెళ్లి నట్టనడుమ నిలబడింది.

"పక్కకి రండమ్మా," అన్నాడు మేస్త్రి.

"నేనిక్కడే ఉంటాను. కొట్టండి."

సుత్తి ఆగింది. అక్క పక్కనున్న కర్రని పట్టుకోవడం గేటు దగ్గర నిలబడ్డ నాకు కనిపిస్తోంది. నేను గేటు దాటలేదు. దాటాలనే అనుకున్నాను, నా కాళ్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆవిడ నెత్తిన అంత బరువు, ఇంకా పచ్చి సిమెంటు వాసన.

ప్రింటు తెప్పించారు. చువ్వలు కిందే ఉన్నాయి. శ్లాబు మీదికి ఒకణ్ణి ఎక్కించి, గోడ దగ్గర ఉలితో తవ్వించారు. జానెడు పొడవు తవ్వినా పైన ఇనుము తగల్లేదు. మేస్త్రి తల పట్టుకుని కూర్చున్నాడు.

"కట్టేటప్పుడు అనుమానం వచ్చిందమ్మా. కింద సంతకం చూసి ఊరుకున్నా," అన్నాడు.

పడగొట్టిన కర్రలు మళ్లీ నిలబెట్టాకే అక్క బయటికొచ్చింది. ఆ పోర్చ్‌ని పైనుంచి కొంచెం కొంచెంగా పగలగొట్టి తీసేశారు. అక్క ఉద్యోగం తియ్యలేదు. తీస్తే ఎందుకు తీశామో రాయాలి కదా.

అయితే అక్క ఆఫీసుకి తిరిగొచ్చి చూసిన మొదటి వస్తువు ప్రింట్ల రిజిస్టరు. ఆ పోర్చ్ బొమ్మ ఒక్క ఆసుపత్రి కోసం గీసింది కాదు, ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకునేది. మొత్తం ఐదు ప్రింట్లు తీశారు. నాలుగు వెనక్కి రప్పించి చించేశారు. ఐదోది ఎవరు పట్టుకెళ్లారో తెలియదు. రిజిస్టరులో సంతకం ఉంది కానీ అది పేరు కాదు, ఉత్త గీత. తెలిసిన కంట్రాక్టర్లందరికీ ఉత్తరాలు రాశారు. ఎవరూ మా దగ్గరుందని చెప్పలేదు.

ఆ తర్వాత అక్క ఏ షీటు మొదలుపెట్టినా ముందు బాణం వేసి 'పైకి' అని రాసేది. హెడ్డుగారు చూసీ చూడనట్టు పోయేవారు. కంప్యూటర్లు వచ్చినప్పుడు, తప్పు గీస్తే ఒక్క మీట నొక్కితే పోతుందని కుర్రాళ్లు చెప్పారు. "ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. వాళ్లు నవ్వారు. ఇంటికొచ్చి చెబితే నాకు నవ్వు రాలేదు.

పోర్చ్‌ల కింద ఆవిడ నిలబడేది కాదు. వర్షంలో తడిసైనా బయటే ఉండేది. రోజూ పేపరు రాగానే పెద్ద వార్తలు వదిలేసి, లోపలి పేజీల్లో చిన్న అక్షరాల ప్రమాదాలు వెతికేది. కళ్లు పోయాక ఆ పని నాది. పొద్దున్నే మంచం పక్కన కూర్చుని చూసి చెప్పాలి.

"ఏమైనా కూలిందా?"

"లేదక్కా."

"సరే."

ఆ వెతుకులాట ముప్పై ఏళ్ల పైమాట; నేను చదవడం మొదలుపెట్టాక రోజూ ఇవే మూడు ముక్కలు. కిందటేడు ఒక రోజు మాత్రం ఏడో పేజీ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఎక్కడో మేం ఎప్పుడూ వెళ్లని ఊళ్లో, పాత ఆసుపత్రి, ముందు పోర్చ్, వర్షానికి అందరూ కింద చేరారట. ఎవరి ప్లాను ప్రకారం కట్టారో అందులో లేదు. ఉండదు కూడా. పేపరు చప్పుడు కాకుండా మడిచాను.

"ఏమైనా కూలిందా?"

"లేదక్కా," అన్నాను, ఎప్పటి గొంతుతోనే.

ఆవిడ సరే అనలేదు. నా వైపు తిరిగి, నా ముఖం ఉండే చోటుకి కాస్త పక్కగా చూసింది. ఆవిడ వేళ్లు మంచం అంచుని గీకుతున్నాయి.

"ఎంతమంది?" అంది.