ఒక్క నెలతో కట్టిన ఏడాది

పోయిన వేసవిలో నేనొక లెక్క కట్టాను. కూడికల్లో, గుణకారాల్లో తప్పు లేదు. దాని సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

నేను ఈ హిందీ నగరంలోని ఉక్కు కార్ఖానాలో, హాజరు లెక్కలు చూసే టైం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది కద్మా అనే పేటలో. నగరం దాటి పొలాలు మొదలయ్యే చోట కాంట్రాక్టు పనివాళ్ల బస్తీ ఒకటి ఉంది. చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్లే. అక్కడి కిడ్నీ రోగులను డయాలిసిస్‌కు తీసుకెళ్లి మళ్లీ దింపడానికి ఒక సేవా సంస్థ ఉచితంగా వ్యాను నడిపేది. విరాళాలు తగ్గాక, బాగా పేద ఊళ్లకే నడపాలని సంస్థవాళ్లు అనుకున్నారు. ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పెడితే సరిగ్గా నడుమ వచ్చే ఇంటి ఆదాయమే ఆ ఊరి ఆదాయం. అది వాళ్లు గీసిన గీత దాటితే వ్యాను ఆగిపోతుంది. ఈ బస్తీ లెక్క నాకు అప్పగించారు. నాకు తెలుగు వచ్చు, తీరిక ఉంది, డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఫారంలో అసలు ప్రశ్న ఒకటే. పోయిన నెల ఇంటికి ఎంత వచ్చింది? దాన్ని పన్నెండుతో గుణించాలి. నాకందులో వింతేమీ కనిపించలేదు. ముప్పై ఆరేళ్లు నా జీతం నెలనెలా ఒకే తేదీకి వచ్చింది.

మూడో గల్లీలో ఒకావిడ కార్ఖానాకు కూలీలను పంపే ఠీకేదారు దగ్గర పని చేసేది. భర్త గుమ్మం పక్కన మంచం మీద ఉన్నాడు. వారానికి రెండుసార్లు అతనికి డయాలిసిస్. పోయిన నెల పద్దెనిమిది వేలు వచ్చాయంది. నేను రాస్తుంటే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“అది షట్‌డౌన్ నెల బాబూ. కొలిమి ఆపి బాగుసేత్తారు కదా, రోజుకి రెండు డూటీలు సేసినాను. ఏడాదికోసారి వత్తాది. అయిపోగానే గేట్‌పాస్ లాగేసుకుంటారు.”

ఫారంలో పోయిన నెల సంగతే అడిగారమ్మా అన్నాను. భర్త మంచం మీద నుంచే నవ్వాడు.

“నెలకి పద్దెనిమిది వేలంట. ఇంకేటే, సాక్చి బజార్లో దుకాణం ఎట్టీసుకో.”

నేనూ నవ్వాను. ఆవిడ చెయ్యి తీసేసింది. ఆ షట్‌డౌన్‌కు బస్తీలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు వెళ్లారు.

ఇంటికి వచ్చి కాగితాలు ఆదాయం వరుసలో హాల్లో నేల మీద పరిచాను. అరవై ఒక్క ఇళ్లు. రెండు వైపుల నుంచీ లెక్కపెట్టి ముప్పై ఒకటో కాగితం తీశాను. గీతకు పైన ఉంది. సంతకం పెట్టి మర్నాడే ఇచ్చేశాను. గడువుకు రెండు రోజుల ముందే పూర్తిచేశానని సంతోషించినట్టు గుర్తు.

వ్యాను ఆగిపోయిందని వానలు పడ్డాక తెలిసింది. సాక్చిలో డయాలిసిస్ ఆసుపత్రి ముందు ఆటో దిగుతూ ఆవిడ కనిపించింది. భర్త ఆవిడ భుజం మీద వాలిపోయి ఉన్నాడు. ఆటో కిరాయి పెట్టుకోలేక వారానికి ఒక్కసారే తీసుకొస్తోందట. ఊరి ఆదాయం ఎక్కువ వచ్చిందన్నారని, ఆఫీసువాళ్లు ఎలా కట్టారో తెలీదని అంది. కట్టింది నేనేనని చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం డైరీ తీశాను. వేసవిలో ఆవిడ ఇంటికి వెళ్లిన తేదీ కింద ఎండ గురించి, ఆటో ఛార్జీ గురించి రాసిన తర్వాత నా చేతిరాతలోనే ఉంది: “షట్‌డౌన్ నెల. ఏడాదికి ఒకసారే. మిగతా నెలల్లో పనికి నికరం లేదు.” ఫారంలో వివరణకు ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలేశాను.

మర్నాడు సంస్థ ఆఫీసుకు వెళ్లాను. అక్కడున్న యువకుడు మనవాడే. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చాడు. ఒక్క ఇంటి కాగితం దిద్దితే సరిపోదని, అన్ని ఇళ్లకూ పన్నెండు నెలల లెక్క తెస్తే మళ్లీ చూస్తామని అన్నాడు.

మొదటి ఇంటి నుంచి వరుసగా మొదలుపెట్టాను. ఒక పెళ్లినో, జ్వరాన్నో ఆనవాలు పట్టుకుని ఏ నెలలో ఎన్నాళ్లు పని దొరికిందో వాళ్లు గుర్తు తెచ్చుకోవాలి. రోజుకు మూడిళ్లు మించి అయ్యేవి కావు. ఎవరినైనా తోడు తీసుకుందామని నాకు తోచలేదు. తొందరపడితే మళ్లీ తప్పు పోతుందని భయం. మూడో గల్లీకి చేరేసరికి ఆవిడ భర్త పోయి తొమ్మిది రోజులైంది.

ఆవిడ పీట వేసింది. ముందుగా షట్‌డౌన్ నెల రాశాను. దాని ముందు నెల పని లేదంది. దాని ముందు నెలా లేదంది. సున్నాలు వేశాను.

“అప్పుడూ ఇదే సెప్పినాను బాబూ.”

“చెప్పావమ్మా. రాసుకున్నాను కూడా.”

“ఎక్కడ?”

“నా డైరీలో.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను కాగితం వైపు చూశాను. ఆవిడ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది.

“దసరా నెల రాసుకోండి. కద్మాలో ఒకలింట్లో అంట్లు తోమినాను. పదిహేను వందలు.”

రాసుకున్నాను.