దాచిపెట్టిన బాణం గుర్తు

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ వాటిని నమ్మను. ఇది పట్టపగలు, పదకొండు గంటల వేళ, నా కళ్లెదుటే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

రెండువేల మూడు ప్రాంతం. అమలాపురంలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. ఒక కంటి డాక్టరు గారు గోడకి తగిలించే అక్షరాల అట్టకి బదులు, తెర మీద అక్షరాలు చూపించే ప్రోగ్రాం చేయించుకున్నారు. వారం తిరక్కుండా మళ్లీ పిలిచారు.

"అక్షరాల మీద ఆ బాణం గుర్తు అడ్డొస్తోందండీ. పేషెంట్లు దాన్నే చూస్తన్నారు. కనపడకుండా చేసెయ్యండి" అన్నారు.

మౌస్ కదిపితే కదిలే బాణం అది. ప్రోగ్రాం నడిచినంతసేపూ దాన్ని దాచేలా రాశాను. దాచినా అది పోదు, ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది. తెర మీద మాత్రం కనిపించదు. ఎఫ్-2 మీట నొక్కితే మళ్లీ కనిపిస్తుంది.

ఆ ఉదయం డాక్టరు గారి ఆస్పత్రిలో అదే సరిచూస్తున్నాను. పక్క కుర్చీలో సరోజినమ్మ గారని, మామిడికుదురు నుంచి వచ్చిన రిటైరైన టీచరు కూర్చున్నారు. నీటికాసులు, అదే గ్లకోమా జబ్బుతో రెండు కళ్లూ పోయి మూడేళ్లయింది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందేమోనని కూతురు తీసుకొచ్చింది. టార్చి వెలుతురు కూడా తెలియడం లేదని డాక్టరు గారు అప్పటికే తేల్చి, కాగితం రాయడానికి లోపలికెళ్లారు.

నేను మౌస్ కదుపుతున్నాను. తెర మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు.

"బాబూ, అదేంటండీ పైకి పాకుతోంది?" అన్నారావిడ.

నా చెయ్యి ఆగిపోయింది. "ఏం కనిపిస్తోందండీ?" అన్నాను.

"కొబ్బరాకు కొసలా ఉందండి, వాలుగా. ఆగిపోయింది."

"అక్షరాలు కనిపిస్తున్నాయా?"

"ఆయ్, లేదండి. అంతా చీకటే. అదొక్కటే ఉంది."

వేలు పెట్టి చూపించమన్నాను. కుర్చీ ముందుకు జరుపుకుని, తడుముకోకుండా తెర కుడివైపు పైమూల వేలు ఆనించారు. ఎఫ్-2 నొక్కాను. బాణం సరిగ్గా ఆవిడ వేలి కిందే ఉంది.

డాక్టరు గారిని పిలిచాను. మౌస్ కదిలే చప్పుడు వింటున్నారేమోనన్నారు ఆయన. నాకూ అలా అనుకోవడమే నయమనిపించింది. అక్కడే కూర్చుని ప్రోగ్రాంలో మరో రెండు వరుసలు రాశాను. ఇక బాణాన్ని కంప్యూటరే తనకు తోచిన చోట పెడుతుంది. అదెక్కడుందో నాకూ తెలియదు. మౌస్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

ఏడుసార్లు చేశాం. ఏడుసార్లూ వేలి కిందే ఉంది.

డాక్టరు గారు బాణం చోటు ఇంకోసారి మార్పించి, వంగి తెర ఆపేశారు. నల్లటి గాజు మాత్రం మిగిలింది. "ఇప్పుడండీ?" అన్నారు.

"ఉందండి, ఇదిగో" అంటూ ఆవిడ ఎడమవైపు కింద వేలు పెట్టారు. తెర వెలిగించి ఎఫ్-2 నొక్కాను. అక్కడే ఉంది.

డాక్టరు గారు మళ్లీ టార్చి వేశారు. ఆవిడకి వెలుతురు తెలియలేదు.

"మరి చూపున్నట్టే కదండీ? ఆపరేషన్ చెయ్యండి" అని కూతురు ఆయన చేతులు పట్టుకుంది.

"లేదమ్మా. నరం చచ్చిపోయింది. ఇదేంటో నాకు తెలీదు. తెలీందానికి కత్తి పట్టుకోలేను" అన్నారాయన. ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

సరోజినమ్మ గారు మాత్రం నా వైపు తిరిగి, "బాబూ, బస్సుకి టైముంది. దాన్ని కాసేపు కదుపుతారా?" అన్నారు.

కదిపాను. అరగంటసేపు. ఆవిడ తల బాణంతో పాటే మెల్లగా తిరుగుతూ ఉంది. నాకేమో ఖాళీ తెర తప్ప ఏమీ కనపడటం లేదు. ఒకచోట ఆవిడ నవ్వారు. ఎందుకో అడగకుండా మౌస్ కదుపుతూనే ఉన్నాను.

తర్వాత ఏడాది పాటు, చూపు లేని పేషెంట్లు ఎవరొచ్చినా డాక్టరు గారు ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడిగేవారు. ఒక్కరికీ ఏమీ కనపడలేదు. సరోజినమ్మ గారు మళ్లీ రాలేదు. ఆ ప్రోగ్రాం ప్రతి వరుసా చదివాను, దాచమన్న బాణాన్ని అది దాచే ఉంచింది. ఆవిడకి ఎలా కనిపించిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.