మూడో మెట్టు

మొన్న ఉదయం ఒక హాస్టల్ అమ్మాయి సూట్‌కేసు కోసం మా కొట్టుకి వచ్చింది. మెట్రో మెట్ల మీద జారి చీలమండ బెణికిందట, నొప్పి స్ప్రే కొట్టుకుని ఉంది. కర్పూరమూ పుదీనా కలిసినట్టుండే ఆ ఘాటు వాసన ఫ్యాను గాలికి కొట్టంతా తిరిగింది. బేరం కుదరక ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, నేను వెనక్కి పిలిచేశాను. మూల కుర్చీలో ఉన్న నాన్నగారు పేపరు దించి, తూకంలో ఎక్కువ వేసినవాణ్ణి చూసినట్టు నన్ను చూశారు. ఆయన తప్పేం లేదు. ఆ వాసన తగిలితే నాకు నర్సింగన్న గుర్తొస్తాడు. నర్సింగన్న గుర్తొస్తే నేను మూడో మెట్టు దాకా ఆగలేను.

అమీర్‌పేటలో మా కొట్టు ముందు మూడు మెట్లున్నాయి. తెనాలి నుంచి వచ్చి కొట్టు పెట్టిన నాన్నగారు నాకు అక్షరాల కన్నా ముందు ఆ మెట్ల సంగతే నేర్పారు. బేరం తెగక మనిషి వెళ్లిపోతుంటే మొదటి మెట్టుకి నోరెత్తకూడదు. రెండో మెట్టుకి గొంతు సవరించుకోవాలి. మూడో మెట్టుకి, కాలు రోడ్డు మీద పడకముందు, "రండి, మీ మాటెందుకు కాదనాలి" అని పిలవాలి. మనం కొనడానికి వెళ్లినప్పుడు పిలుపు వినబడేదాకా వెనక్కి తిరగకూడదు. పంజాగుట్ట చీరల కొట్లలో నేను అలా దిగి పిలిపించుకోని రోజు లేదు. ఒకసారి చెవి డాక్టరు ఫీజు దగ్గర కూడా అలాగే లేచి వచ్చేశాను. ఆయన తర్వాతి పేషెంటుని పిలిచాడు. ఆ రోజే బుద్ధి తెచ్చుకుని ఉంటే ఇప్పుడు నాకు రాయడానికి ఇంత ఉండేది కాదు.

నర్సింగన్న ఎర్రమంజిల్ ప్రభుత్వ క్వార్టర్స్‌లో పెరిగిన ఫుట్‌బాల్ ఆటగాడు. కలకత్తాలో కొన్నేళ్లు ఆడి, మాల్దీవుల్లో ఒక క్లబ్బు పిలిస్తే వెళ్తూ సూట్‌కేసు కోసం మా కొట్టుకి వచ్చాడు. ఆ రోజుకి ఆయనదే బోణీ. బేరమాడతాడని ధర పెంచే చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాడు.

"బేరమాడరా?" అన్నాను, భయమేసి.

"ఎందుకు చెల్లె? దాని ధర నాకన్న నీకే ఎరుక గద."

అంత అవమానం నాకు ఏ బేరగాడూ చెయ్యలేదు. తాళమూ బెల్టూ ఊరికే ఇచ్చాను. అయినా మనసొప్పక టీ తెప్పించాను. తను మిడ్‌ఫీల్డర్‌నని చెప్పాడు. మిడ్‌ఫీల్డర్ అంటే గోల్స్ కొడతారా అని అడిగాను.

"కొట్టేటోనికి బంతి ఇస్త. మన మీద కొట్టనీకొచ్చేటోని కాడ గుంజుకుంట."

"అంటే మధ్యవర్తి అన్నమాట."

"గంతే. కమీషన్ లేని బ్రోకర్ అనుకో."

అప్పట్నుంచి సీజన్ అయిపోయి ఊరికొచ్చిన ప్రతిసారీ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. మోకాలికి స్ప్రే కొట్టుకుంటూ అక్కడి కబుర్లు చెప్పేవాడు. గ్రౌండు పక్కనే సముద్రమట. బంతిని ఎత్తి కొడితే గాలి ఎటో తీసుకుపోతుంది కాబట్టి నేల మీదే ఇవ్వాలట. "అక్కడ నన్ను ఇండియా అంటరు. కలకత్తల హైదరాబాద్ అంటుండిరి. నర్సింగ్ అని పిలిచేటోళ్లు గీ రెండు గల్లీలల్లనే ఉన్నరు" అని నవ్వేవాడు. గోల్స్ గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఖాళీగా ఉన్నారో చెప్పేవాడు.

"బంతి రాకముందే రెండు భుజాల మీదికెళ్లి ఎనక్కి చూస్కోవాలె చెల్లె. వచ్చినంక చూస్తే, అప్పటికే ఎవడో ఒకడు గుంజుకపోతడు."

"మేమూ అంతేనన్నా. కొనేవాళ్లు నోరు తెరవకముందే చెప్పులు చూస్తాం."

"నువ్వు ముందటి దిక్కే చూస్తున్నవ్" అన్నాడు. అప్పుడు నేనది హాస్యం కిందే తీసుకున్నాను.

ఆయనకి ముప్పై నాలుగు వచ్చాయి. క్లబ్బు ఇంకొక్క ఏడాదికి రమ్మంది. అదే ఎక్కువనుకున్నాడు. ఇన్నేళ్లు పరాయి దేశంలో ఆడినా భార్యగానీ కూతురు సింధుగానీ ఆయన ఆట ఒక్కసారీ గ్యాలరీలో కూర్చుని చూడలేదు. ఈసారి తీసుకెళ్తానని పాపకి పాస్‌పోర్టు కూడా చేయించాడు. ఆ పాస్‌పోర్టు చూపించడానికి వచ్చినవాణ్ణి నేను కూర్చోబెట్టి చెడగొట్టాను.

"ఒక్క ఏడాదేంటన్నా? రెండేళ్లు అడగండి. మధ్యలో మోకాలు మొరాయిస్తే?"

"నాకు బేరం రాదు చెల్లె."

"నాకొచ్చుగా."

మా కొట్టులోంచే ఫోన్ చేయించాను. అవతలి మేనేజరు మర్యాదగా, ఒక్క ఏడాదే కుదురుతుందన్నాడు. నర్సింగన్న నా వైపు చూశాడు. నేను రెండు వేళ్లతో గల్లా బల్ల మీద మెట్లు దిగి చూపించాను. రెండేళ్లయితేనే వస్తానని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.

"మూడు రోజులు ఓపిక పట్టండి. వాళ్లే పిలుస్తారు" అన్నాను. నాన్నగారు కూడా తలూపారు.

మూడు రోజులూ ఫోన్ మోగలేదు. ఆరో రోజు ఆయనే క్లబ్బుకి చేశాడు. ఆ స్థానంలోకి వేరే దేశం కుర్రాణ్ణి తీసేసుకున్నారట. ఆ వ్యాపారంలో ఒకడు మెట్లు దిగుతుంటే ఎక్కడానికి పదిమంది నిలబడి ఉంటారు. ఆయన వెనక ఎవరున్నారో నేను చూడలేదు. ఇంకే క్లబ్బూ ఆయన్ని పిలవలేదు.

వారం తర్వాత ఆయన కొట్టు మెట్లెక్కడం చూసి నేను సూట్‌కేసుల దొంతర వెనక్కి వెళ్లాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడైంది. బయటికి రాక తప్పలేదు.

"తిట్టండన్నా" అన్నాను.

"బంతి నా కాళ్లనే ఉండె చెల్లె. పాస్ నేనే ఇచ్చిన. నువ్వు గ్యాలరీలకెళ్లి ఒర్లినవ్, గంతే. గ్యాలరీల మస్తుమంది ఒర్లుతరు."

తిట్టినా బాగుండేది. మోకాలు నిమురుకుంటూ, "పాప గప్పటికే బ్యాగు సర్దుకుంది" అన్నాడు.

తర్వాత ఆయన క్వార్టర్స్ వెనక ఖాళీ జాగాలో, తెల్లవారుజామునే, సాఫ్ట్‌వేర్ కోర్సులకొచ్చిన హాస్టల్ పిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం నేనూ వెళ్లాను. పిట్టగోడ మీద సింధు కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఎదురుగా, సగం మంది వంగి రొప్పుతున్న ఆ గుంపులో, ఆయన పరిగెత్తకుండానే అందరికన్నా ముందుంటున్నాడు. తల కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి తిరుగుతోంది.

"నాన్న మాటిమాటికి ఎనక్కెందుకు చూస్తుండు ఆంటీ?"

"ఖాళీగా ఎవరున్నారో చూసుకుంటున్నాడమ్మా."

ఆ పిల్ల కాసేపు కళ్లు చిన్నవి చేసి చూసింది. "గోడ పక్క కళ్లద్దాలాయన ఉన్నడు" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే బంతి నేల మీద జారుతూ కళ్లద్దాలాయన కాళ్ల దగ్గరికి వెళ్లి ఆగింది. సింధు చప్పట్లు కొట్టలేదు. గోడ మీద ఇంకొంచెం ముందుకి జరిగి కూర్చుంది.

రెండేళ్ల తర్వాత గోవాలో కోచ్ ఉద్యోగం వచ్చి, కుటుంబంతో సహా వెళ్తూ సూట్‌కేసు కోసం వచ్చాడు. ఈసారి ఉన్న ధరే చెప్పాను. ఆయన మొహం గంభీరంగా పెట్టి, "మస్తు ఎక్కువ చెప్తున్నవ్ చెల్లె" అని వెనక్కి తిరిగి ఒక మెట్టు దిగాడు.

"అన్నా, ఆగండి" అన్నాను.

"గప్పుడే పిలిస్తివా? మీ నాయిన తిడతడు."

"తిట్టనివ్వండి."

మొన్నటి హాస్టల్ అమ్మాయి వెనక్కొచ్చి సూట్‌కేసు తీసుకుంది. బెంగళూరులో ఉద్యోగమొచ్చిందట. కాలు చాపుకుని స్టూలు మీద కూర్చుని, "అక్కా, మీకు బేరాలు బాగా తెలుసంటారు. జీతం ఇంకొంచెం పెంచకపోతే రానని చెప్పెయ్యనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేముందు కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశాను. నాన్నగారు వింటున్నారేమోనని చూస్తున్నాననుకుని ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"ఆ ఉద్యోగం కోసం నీ వెనక ఎంతమంది నిలబడ్డారో చూశావా?" అని అడిగాను.