బ్రోనియా కప్పిన గౌను

వియత్నాం యుద్ధానికి మొదటి గండి కొట్టింది విద్యార్థులూ కాదు, వీధుల్లో ఊరేగిన జనమూ కాదు. మా బ్రోనియా, ఒక తువ్వాలు గుడ్డ గౌనుతో. నమ్మకపోతే మీ ఖర్మ. ఆ మధ్యాహ్నం ఆమెకు రెండు బారల దూరంలో తెర తాడు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. కాలేజీ మానేయకుండా ఉంటే ఇంత చదువు నాకు దొరికేదా?

బ్రోనియా గ్రీన్‌పాయింట్ పేటలో ఉండే పోలిష్ మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. బ్రాడ్వే నాటకశాలల్లో నటులకు బట్టలు తొడగడం ముప్ఫై ఏళ్ళుగా ఆమె పని. చీకట్లో, పదకొండు సెకన్లలో, రాణిని దాసిగా మార్చేది. పరిగెత్తే నటుడికి బొత్తాం కుట్టగా నేను చూశాను. ఆయన పరుగు ఆపలేదు, ఈమె సూది ఆపలేదు. నోట్లో గుండుసూదులు ఉంచుకునే తిట్టేది.

అలాంటి మనిషి పంతొమ్మిదివందల అరవై ఎనిమిది చలికాలంలో మా నాటకానికి వచ్చి పడింది. భుజాలు దాటిన జుట్టుతో కుర్రాళ్ళు, చెప్పుల్లేని అమ్మాయిలు, చెవులు హోరెత్తే గిటార్లు, యుద్ధాన్ని తిట్టే పాటలు. మొదటి అంకం చివర పన్నెండుమంది, కుర్రాళ్ళను బలవంతంగా యుద్ధానికి పట్టుకెళ్ళే ముందు సైన్యం వాళ్ళు వైద్యపరీక్షకు నిలబెట్టినట్టు, ఒంటి మీద నూలుపోగు లేకుండా వరసగా నిలబడతారు.

"ముప్ఫై ఏళ్ళు తొడిగి బతికాను. ఇప్పుడు విప్పినందుకు జీతమా?" అంది మొదటి రోజు.

ఆ నాటకం వచ్చాక వీధి తీరే మారిపోయింది. హాల్లో ఉన్నికోట్ల ముసలమ్మల పక్కన పూసల దండల పిల్లలు కూర్చునేవారు. మా సందు మంగలి రోజంతా గుమ్మంలో నిలబడి మమ్మల్ని శపించేవాడు. చర్చిలో బ్రోనియా పక్కన కూర్చునే ఆవిడ ఇంకో బల్లకు మారిపోయింది. బ్రోనియా లెక్కచేయలేదు. అంతకుముందు ఆమె పనిచేసిన రెండు నాటకాలు వారం తిరక్కుండానే మూతపడ్డాయి. "ఇదీ పోతే ఈ వయసులో నన్ను పిలిచేదెవరు?" అనేది.

అది పోయే దారి ఒకటుంది. నగరం నియమం ప్రకారం వేదిక మీద బట్టల్లేకుండా నిలబడొచ్చు, కదలకూడదు. ఒక్కరు కదిలినా నాటకం బంద్.

జనవరిలో ఒక బుధవారం మ్యాట్నీకి ఇద్దరు తనిఖీదారులు వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. సరిగ్గా ఆ పొద్దునే హాలును వేడిచేసే బాయిలరు చచ్చింది. కాన్సాస్ నుంచి వచ్చిన లైల్ అనే కుర్రాడికి జలుబు.

స్టేజీ మేనేజరు హెర్షెల్ వాడి భుజాలు పట్టుకున్నాడు. "ఒరేయ్, నువ్వు తుమ్మావంటే నలభైమందిమి రోడ్డున పడతాం."

"తుమ్ము నా మాట వింటుందా హెర్షెల్?"

"వాడిని బెదిరిస్తే ఇంకా తుమ్ముతాడు. అవతలికి పో," అంది బ్రోనియా. వాడి ముక్కుకింద కర్పూరం మందు రాసింది. "ఊపిరి మెల్లగా తీసుకో నాయనా."

"కళ్ళు మండుతున్నాయి పెద్దమ్మా."

"మండితే తుమ్ము రాదు. నోర్మూసుకుని నిలబడు."

అంకం చివరికొచ్చింది. పన్నెండుమందీ బొమ్మల్లా నిలబడ్డారు. లైల్ వరసలో చివరివాడు, మా వైపు. వాడి ముక్కుపుటాలు అదరడం నాకు కనిపించింది. కళ్ళు పైకి తేలాయి.

బట్టల్లేని నటుడు వేదిక అంచున ఉన్నాడంటే గౌను విప్పి పట్టుకుని సిద్ధంగా ఉండాలి. అది బట్టలు తొడిగేవాళ్ళ పనిలో మొదటి పాఠం. ముప్ఫై ఏళ్ళ అలవాటు బ్రోనియా కాళ్ళను అడక్కుండా లాక్కుపోయింది. ఒంటి మీద నల్ల బట్టలు, జేబులో కత్తెర, కొప్పులో సూదులు, ఆ అవతారంతోనే వెలుగులోకి నడిచింది. లైల్‌కు గౌను చుట్టి నడుముతాడు బిగించింది. అప్పుడు తుమ్మాడు వాడు, ఇటుకలు కదిలేలా. "ముక్కు చీదుకో," అంటూ రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

హాల్లో ఎక్కడో ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. ఆపైన జనమంతా లేచి నిలబడ్డారు. కొడుకును సైన్యం వరసలోంచి లాక్కెళ్ళిన తల్లి పాత్ర అనుకున్నారు ఆమెను.

బ్రోనియా మాత్రం తెర వెనక పెట్టె మీద కూలబడింది. "నా చేతులారా మూయించాను," అంది.

విరామంలో తనిఖీదారులు లోపలికి వచ్చారు. పెద్దాయన నియమాల పుస్తకం తీసి చదివాడు. "బట్టల్లేనివాళ్ళు కదల్లేదు. కదిలినవాడికి బట్టలున్నాయి. అభ్యంతరం లేదు." తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ ఎవరండీ? భలే నటి!" అన్నాడు.

హెర్షెల్ మెట్ల మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చాడు. పన్నెండుమందీ దుప్పట్లతోనే వచ్చి బ్రోనియా మీద పడ్డారు. "సూదులు గుచ్చుకుంటాయి, దూరం జరగండి వెధవల్లారా," అంటూనే ఆమె జారిపోతున్న దుప్పట్లు సర్దింది. మర్నాటి నుంచి ఆ ఘట్టం నాటకంలో చేరింది. ఎక్కడెక్కడి తల్లులో ఉత్తరాలు రాశారు. కొన్ని ఊళ్ళలో సైన్యం కార్యాలయాల ముందు ఆడవాళ్ళు తువ్వాలు గౌన్లు పట్టుకుని నిలబడ్డారని కూడా నేను చెబుతుంటాను.

మొన్న ఇదంతా ఆమె ముందే ఎవరికో చెబుతుంటే, అంచు కుడుతున్న బ్రోనియా తలెత్తకుండా అంది: "తల్లీ లేదు, యుద్ధమూ లేదు. వాడికి తుమ్మొస్తోంది. నా చేతిలో గౌనుంది. వేశాను."